ఫోన్ తెరపై మరిన్ని వరుసలు ఇమిడేలా చేసుకున్న విధానం: నా అనుభవం

నా ఆండ్రాయిడ్ ఫోన్ తెర పెద్దదే అయినా, సందేశాల జాబితాలో ఒకేసారి ఆరేడు వరుసలకు మించి కనిపించేవి కావు. అక్షరాల పరిమాణం తగ్గించడం, హోమ్ స్క్రీన్ గడులు పెంచడం, డిస్‌ప్లే సైజును కనిష్ఠానికి జరపడం, ఏదీ చాలలేదు.

పనిచేసినది, యాప్‌లు తయారుచేసేవారి కోసం ఫోన్‌లో దాచి ఉంచే సెట్టింగుల విభాగమైన డెవలపర్ ఆప్షన్స్‌లోని 'స్మాలెస్ట్ విడ్త్'. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలు తెరిచి, బిల్డ్ నంబరుపై 7 సార్లు తాకగానే ఆ విభాగం అందుబాటులోకి వచ్చింది. అందులో అప్పటికే ఉన్న 411 అనే విలువను ముందుగా కాగితంపై రాసుకున్నాను (ఈ జాగ్రత్త మాత్రం మానవద్దు). అది పిక్సెళ్ల సంఖ్య కాదు. 1080 పిక్సెళ్ల వెడల్పును 160తో హెచ్చించి, తెర సాంద్రత (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో తెలిపే విలువ) అయిన 420తో భాగిస్తే వచ్చే డీపీ (తెర సాంద్రతపై ఆధారపడని ప్రమాణం) కొలత. ఆ విలువ పెరిగేకొద్దీ తెరపై ఉన్నవన్నీ చిన్నవై, ఎక్కువ సమాచారం ఇముడుతుంది. అందుకే ఒక్కసారిగా దూకకుండా మొదట 440 ఇచ్చి, ఒక రోజు వాడి చూశాక 480కి మార్చాను. 520 వద్ద కీబోర్డు మీటలు మరీ ఇరుకు కావడంతో వెనక్కి వచ్చి 480 దగ్గరే స్థిరపడ్డాను.

అన్ని ఫోన్లలో ఇదే విలువ నప్పుతుందని చెప్పలేను. 600కు చేరితే కొన్ని యాప్‌లు టాబ్లెట్ అమరికకు మారతాయి. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకింగ్ యాప్‌లు తెరుచుకోకపోవచ్చు.