ముగ్గురు డాక్టర్ల మాటా నిలిచేలా ఒక్క వంట

మావారికి షుగరు వచ్చి పదహారేళ్లు. బీపీ అంతకు ముందు నుంచే ఉంది. 2021లో గుండెకి స్టెంట్ వేశారు. తర్వాత రెండేళ్లకి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి 1.9కి చేరింది. అప్పటి నుంచి మా ఇంట్లో మూడు కాగితాలు. గుండె డాక్టరు పండ్లు, ఆకుకూరలు బాగా తినమన్నారు. షుగరు డాక్టరు అన్నం తగ్గించి పప్పు పెంచమన్నారు. కిడ్నీ డాక్టరు పప్పు మితంగా తినమని, పండ్ల దగ్గర జాగ్రత్తగా ఉండమని చెప్పారు. ఆ మూడూ ముందేసుకుని, ఏం వండాలో తెలియక ఒక పూట ఏడ్చేశాను. విశాఖలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి, నాకు దారి ఎలా దొరికిందో రాస్తున్నాను.

ముందు నాకు అర్థమైంది ఇది. ఇవి మూడు వేరు వేరు జబ్బులు కావు. షుగరు ఏళ్ల తరబడి కిడ్నీలోని సన్నటి వడపోత నాళాలను దెబ్బతీస్తుంది. కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది. ఆ బీపీ గుండెనీ కిడ్నీనీ రెండింటినీ దెబ్బతీస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో వీటన్నిటినీ కలిపి ఒకే సమస్యగా చూడాలని చెప్పి, దానికొక పేరు కూడా పెట్టింది. కాబట్టి వంట కూడా ఒకటే ఉండాలి.

వంటకి ముందు రిపోర్టు చూడాలి. క్రియాటినిన్ ఒక్కటే చాలదు. కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్, మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే మాంసకృత్తి, రక్తంలో పొటాషియం, మూడు నెలల షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, ఈ నాలుగు అంకెలూ తేదీతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఈజీఎఫ్ఆర్ మూడు నెలలకి పైగా 60 లోపే ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఏది తినాలో, ఏది మానాలో పక్కింటివాళ్లని అడిగి కాకుండా ఈ అంకెలను బట్టి డాక్టరుతో తేల్చుకోవాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకైతే లెక్కే మారిపోతుంది, వాళ్లకి మాంసకృత్తులు ఎక్కువ కావాలి.

ముగ్గురు డాక్టర్లూ ఒకే మాట చెప్పింది ఉప్పు గురించి. అక్కడే మొదలుపెట్టాను. మనిషికి రోజుకి 5 గ్రాములకి మించకూడదు. అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా, అన్ని వంటకాలకీ కలిపి. ఉప్పు డబ్బాని పొయ్యి దగ్గర నుంచి తీసి అటక మీద పెట్టాను. పొద్దున్నే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముప్పావు చెంచాలు కొలిచి ఒక గిన్నెలో వేస్తాను. ఆ రోజు వంట మొత్తం దానితోనే అవ్వాలి. మిగతా పావు చెంచా ఎందుకు వదిలానంటే, బ్రెడ్డు, బిస్కెట్లు లాంటి బయట సరుకులతో మనకి తెలియకుండానే ఉప్పు లోపలికి వెళ్తుంది.

అసలు చిక్కు కూరల్లో వేసే ఉప్పుతో కాదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, ఎండు నెత్తళ్లు, వీటితోనే ఉంది. మావారికి పప్పుచారుతో ఎండుచేపలు లేకపోతే ముద్ద దిగేది కాదు. దానికి బదులు ఫిషింగ్ హార్బర్ నుంచి పచ్చి నెత్తళ్లో, కానాగంతలో తెచ్చి వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు దట్టించి, దించాక నిమ్మకాయ పిండుతున్నాను. కానాగంతల్లో గుండెకి మంచి చేసే కొవ్వు ఉంది. మొదటి వారం సగం తిని లేచిపోయారు. నెల తిరిగేసరికి పెళ్లి భోజనంలో సాంబారు ఉప్పగా ఉందని ఆయనే అన్నారు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. సోడియం తక్కువ అని ప్యాకెట్ మీద చూసి వేరే ఉప్పు కొన్నాను. ఆరు వారాలకి పొటాషియం 5.8 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. డాక్టరు గాభరాపడి, ఏ ఉప్పు వాడుతున్నారమ్మా అని అడిగారు. అలాంటి ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ బాగున్న చాలామందికి అది మేలే. కిడ్నీ నెమ్మదించినవాళ్లకి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకి అది ప్రమాదం. పొటాషియం బాగా పెరిగితే గుండె లయే తప్పుతుంది. డాక్టరుని అడక్కుండా ఆ ప్యాకెట్ ఇంటికి తేవద్దు.

తర్వాత పప్పు. ఈయన బరువు 64 కిలోలు. డయాలసిస్ అవసరం లేని కిడ్నీ జబ్బులో సాధారణంగా కిలోకి 0.8 గ్రాముల మాంసకృత్తులు చెప్తారు, అంటే రోజుకి 51 గ్రాములు. ఒక గుడ్డులో 6, వంద గ్రాముల చేపలో దాదాపు 20 ఉంటాయి. అన్నంలోనూ కొంత ఉంటుంది. అందుకే చేప వండిన పూట పప్పు వండను, పప్పు ఉన్న పూట గుడ్డు పెట్టను. భయపడి పప్పు, చేప అన్నీ మానేస్తే కండ కరిగి మనిషి నీరసించిపోతాడు, అది ఇంకో జబ్బు.

పొటాషియం ఎక్కువ ఉన్న నెలల్లో మాత్రమే కూర ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, వాటిలోని పొటాషియం కొంత పోయేలా ఆ నీళ్లు పారబోస్తాను. కొబ్బరినీళ్లు, అరటిపండు ఆపేసి, యాపిల్ గానీ చిన్న బొప్పాయి ముక్క గానీ ఇస్తాను. అంకె బాగున్నప్పుడు ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి తోటకూర, బీరకాయ, ఆనపకాయ మామూలుగానే తెస్తాను. కిడ్నీ అనే మాట వినగానే కూరగాయలన్నీ మానేసిన ఇళ్లు చూశాను, నాకు బాధేస్తుంది. గుండెకీ షుగరుకీ కావలసిన పీచు వాటిలోనే ఉంది.

అన్నం ఒక కప్పుకి తగ్గించాను. ముందు కూర తిని, తర్వాత అన్నం తింటే షుగరు అంత వేగంగా ఎగబాకదు. రాగి జావ మంచిదని అందరూ అంటారు గానీ, పలచటి జావ షుగరుని త్వరగా పెంచుతుంది. అందుకే నేను జావ బదులు రాగి రొట్టె చేస్తాను. ఒక హెచ్చరిక. కిడ్నీ నెమ్మదించాక ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు ఉంటాయి. డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగరు పడిపోవచ్చు. పడిపోయినప్పుడు పొటాషియం ఉన్న పండ్ల రసం కాకుండా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి.

సాయంత్రం ఇద్దరం ఆర్కే బీచ్‌లో నడుస్తాం. నెలకోసారి మురీ మిక్చర్ కొనుక్కుంటాం. మరమరాల్లోనే ఉప్పు ఉంటుంది కాబట్టి పైన ఉప్పు చల్లొద్దని, ఉల్లిపాయ, నిమ్మరసం ఎక్కువ వెయ్యమని చెప్తాం. ఒక్క పొట్లమే తీసుకుని ఇద్దరం పంచుకుంటాం. ఆ రోజు గిన్నెలో కొలిచే ఉప్పు ఇంకో పావు చెంచా తగ్గిస్తాను.