ఇళ్ల వైరింగ్ పని నేర్చుకోవాలంటే ఐటీఐలో ఇలా చేరండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది కుర్రాళ్లు ఎవరో మేస్త్రీ వెనక తిరిగి వైరింగ్ నేర్చేసుకుంటారు. పని బాగానే వస్తుంది, కాగితం మాత్రం ఉండదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు, అంటే కరెంటు లైన్ల పని చూసే ఉద్యోగాలు పడినప్పుడు ఐటీఐ గానీ ఇంటర్ వొకేషనల్ గానీ అడిగారు, పని చేయి తిరిగినవాళ్లకైనా ఆ సర్టిఫికెట్ లేకపోతే అర్హత లేనట్టే. అందుకే పదో తరగతి అయిన పిల్లలున్న ఇంట్లో ఈ దరఖాస్తు సంగతి తెలిసుండాలి.

ముందు ట్రేడ్ తేల్చుకోండి. ఎలక్ట్రీషియన్‌కి లెక్కలు, సైన్సుతో పది పాసవ్వాలి, వైర్‌మన్‌కి ఎనిమిది పాసైతే చాలు. రెండూ రెండేళ్లే, వయసు 14 నిండాలి. పది పాసైనవాళ్లు ఎలక్ట్రీషియన్‌నే మొదటి ఆప్షన్‌గా పెట్టుకోండి, ఇంటి వైరింగ్‌తో పాటు మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల పని కూడా వస్తుంది. అమ్మాయిలూ చేరొచ్చు, మొహమాటపడకండి.

పది ఫలితాల తర్వాత నోటిఫికేషన్ వస్తుంది. ఐటీఐ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రిజిస్టర్ అవ్వండి. పేరు, పుట్టిన తేదీ మెమోలో ఉన్నట్టే కొట్టాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది దీని తర్వాతే. సబ్మిట్ నొక్కేశాం కదా అని ఇంట్లో కూర్చుంటే కుదరదు, ఆ ప్రింటు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి, అంటే ఎచ్చెర్లో, విజయనగరమో, బొబ్బిలో మీకేది దగ్గరైతే అక్కడికి గడువులోపు వెళ్లి వెరిఫికేషన్ చేయించుకోవాలి, లేదంటే మీ దరఖాస్తును లెక్కలోకే తీసుకోరు. పది మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు ఉంచుకోండి. కులం సర్టిఫికెట్ కోసం సచివాలయంలో ఇప్పుడే పెట్టేయండి, చివరి రోజుల్లో పెడితే అనవసరమైన టెన్షన్.

సీటు పదో తరగతి మార్కుల మెరిట్, రిజర్వేషన్ బట్టి కౌన్సెలింగ్‌లో ఇస్తారు. మొదటి విడతలో రాకపోతే ప్రైవేటుకి పరిగెత్తకుండా, మిగిలిన సీట్లకి తర్వాతి విడత ఎప్పుడో కనుక్కోండి.

రెండేళ్లు కుదరనివాళ్లకి, 18 నిండితే, బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో హౌస్ వైరింగ్ 30 రోజుల్లో నేర్పుతారు. ఉచితమే, భోజనం, వసతి కూడా వాళ్లదే. కానీ అది ఐటీఐ సర్టిఫికెట్‌తో సమానం కాదు.

ఐటీఐ పాసైనవాళ్లు అక్కడితో ఆపకుండా అప్రెంటిస్‌షిప్, అంటే కంపెనీలో పని చేస్తూ నేర్చుకునే శిక్షణ కోసం, ఆ పోర్టల్‌లో నమోదు చేసుకోండి, ఆ శిక్షణలో నెలనెలా స్టైపెండ్ కూడా వస్తుంది.