చిన్న కారు కరెంటు తిప్పలు: ఎక్కడ వెతకాలి, ఎట్లా సరిచేయాలి

పోయిన ఎండాకాలం ఒకాయన మా షాపు ముందుకు కారు తోయించుకుంటూ వచ్చాడు. పది నెలల్లో రెండు బ్యాటరీలు మార్చాడంట. మూడోది కొనడానికి పోతూ, "ఎందుకైనా మంచిది, ఒకసారి చూడన్నా" అన్నాడు. చూస్తే బ్యాటరీకి ఏ రోగమూ లేదు, దానికి తిండి అందడం లేదు. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు పట్టింది. డైనమో చేసే కరెంటు తిరిగి వచ్చే దారి అదే. బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించాను. రాత్రంతా చార్జింగ్ పెట్టాక పొద్దున సెల్ఫ్ ఒక్క దెబ్బకు అందుకుంది. ఆయనకేమో సంతోషం రాలేదు. పాత రెండు బ్యాటరీల డబ్బు గుర్తొచ్చి మొహం మాడ్చుకున్నాడు.

అనంతపురంలో కార్ల వైరింగ్ పని చేసేవాళ్లకు ఇది రోజూ ఉండే కథే. రాగి తీగ తనంతట తాను మధ్యలో తెగడం అరుదు. చెడేదంతా అతుకుల దగ్గర: బోల్టు కింద, కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) లోపల, ఎవరో టేపు చుట్టి వదిలేసిన చోట. దానికి మన ఎండ తోడు. బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు బానెట్ కింద సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, టేపు జిగురు కారుతుంది, బ్యాటరీలో నీళ్లు ఆవిరవుతాయి. అందుకే పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజే చెప్తాను, సామాను కొనేముందు మీటరు పెట్టమని.

ఇంట్లో ఉంచుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. నాలుగైదు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు, రెండు వైర్లు అతికించిన 21 వాట్ల బల్బు, 10 నంబరు స్పానర్, గరుకు కాగితం చాలు.

సెల్ఫ్ ఎత్తుకోవడం లేదు

తాళం తిప్పగానే వచ్చే చప్పుడే సగం జబ్బు చెప్తుంది. టకటకటకమని వరుసగా కొట్టుకుంటూ డ్యాష్‌బోర్డు లైట్లు మినుకుమంటే కరెంటు చాలడం లేదని లెక్క. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ లూజై ఉండాలి. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఊరుకుని, లైట్లు మామూలుగానే వెలుగుతుంటే సెల్ఫ్ మోటారు మీద అనుమానపడొచ్చు, లోపల కార్బన్ బ్రష్షులు అరిగో, సొలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి) కాంటాక్టులు కాలో ఉంటాయి. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి, సెల్ఫ్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి), సొలినాయిడ్‌కు పోయే సన్న వైరు చూడాలి. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే కార్లలో పెడల్ దగ్గరి చిన్న స్విచ్చి కూడా చాలామందిని ఏడిపిస్తుంది.

తర్వాత మీటరు. రాత్రంతా నిలబెట్టిన కారులో పొద్దున్నే బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 లోపలికి దిగితే ముందు చార్జింగ్ పెట్టండి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతుంటే దాని పని అయిపోయినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ను అటూ ఇటూ ఆడిస్తుంది కాబట్టి ఒక్క లెక్క చూసి భయపడొద్దు. ఎంతసేపున్నా 13 దాటకపోతే బెల్టు, డైనమో, వాటి వైర్లు చూడాలి. 15 దాటితే డైనమో వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది. బల్బులు ఊరికే మాడిపోవడం, బ్యాటరీ నీళ్లు తొందరగా తగ్గడం దీని ఆనవాళ్లే.

ఇప్పుడు ఎర్త్. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. మీటరు నల్ల పిన్ను బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, ఎర్ర పిన్ను ఇంజిన్ మీద రంగు లేని లోహం చోట పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల్లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టో, ఒక వోల్టో కనిపిస్తే దొంగ దొరికినట్టే. చాలామంది ఇక్కడ కారు ఆపి ఓమ్స్‌లో, అంటే కరెంటుకు అడ్డం ఎంతుందో, కొలిచి "సున్నా చూపిస్తోంది కదా" అంటారు. సెల్ఫ్ మోటారు నూరు ఆంపియర్ల పైనే లాగుతుంది. అంత కరెంటు పోయేటప్పుడు ఓమ్‌లో నూరో వంతు అడ్డం ఉన్నా ఒక వోల్టు అక్కడే ఆవిరవుతుంది. మన నాలుగు వందల మీటరుకు ఆ నూరో వంతు కనబడదు. అందుకే బరువు మోసేటప్పుడే కొలవాలి.

టెర్మినల్ మీద తెల్లగానో నీలంగానో పూసిన పొడి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన కొంచెం వ్యాసలీన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ ముందు విప్పబోయి స్పానర్ బాడీకి తగిలించుకున్నవాడు ఆ నిప్పురవ్వలను జన్మలో మరిచిపోడు.

నాలుగు రోజులు నిలబెడితే బ్యాటరీ దిగిపోతోంది

తిరుపతికి రైల్లో పోయి వచ్చేసరికి కారు చచ్చి పడి ఉంటుంది. అంటే తాళం తీసేశాక కూడా ఎవరో లోపల కరెంటు తాగుతున్నారు. గడియారం, అలారం, కంప్యూటర్ జ్ఞాపకం కోసం 50 మిల్లీఆంపియర్ల దాకా పోవడం మామూలే. చిన్న కార్లలో ఎక్కువగా కనిపించే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీని అది ఖాళీ చేయాలంటే దాదాపు నెల పడుతుంది. అదే అర ఆంపియర్ కారిపోతుంటే ఒకటిన్నర రోజుకే సగం అయిపోతుంది.

మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి, మైనస్ వైరు విప్పి, దానికీ బ్యాటరీ గుబ్బకూ మధ్యలో కలపండి. తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కితే తలుపు మూసినట్టు కారు నమ్ముతుంది. లాక్ చేసి అరగంట ఆగండి, ఎందుకంటే లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి టైం పడుతుంది. ఆ తర్వాత కూడా అంకె తగ్గకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోండి. ఏది తీస్తే అంకె ధబాలున పడిపోతుందో ఆ లైనులో దొంగ ఉన్నాడు. మీటరు అట్లా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

నా అనుభవంలో పదింట్లో ఆరేడు సార్లు దొంగ బయటినుంచి తెచ్చి పెట్టిందే. స్టీరియో బిగించినవాడు పసుపు వైరు, ఎర్ర వైరు కలిపి మెలేసి ఉంటాడు. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది, ఎర్రది తాళం తిప్పితేనే రావాల్సింది. రెండూ ఒకటైతే సెట్టు రాత్రంతా మేలుకునే ఉంటుంది. విడదీసి ఎర్ర వైరును తాళం లైనుకు కలిపితే సరి. జీపీఎస్ పెట్టె, డ్యాష్ కెమెరా, కాళ్ల దగ్గరి రంగుల లైట్లు కూడా ఇదే కోవ. డిక్కీలో లైటు ఆరకుండా ఉండిపోతే బయటికి కనిపించదు, ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి డిక్కీ మూస్తే తెలిసిపోతుంది.

ఫ్యూజు వేయగానే పోతోంది

ఫ్యూజు పోయిందంటే అది తన పని చేసింది. 10 ఆంపియర్ల ఎర్రది పోయిన చోట 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెట్టేవాళ్లను, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్లను చూశాను. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది, దాని పక్కనున్న ఇరవై వైర్లూ దానితో పాటే.

పది ఫ్యూజులు తగలేయకుండా షార్ట్ (కరెంటు వైరు బాడీకి తగలడం) పట్టుకునే కిటుకు ఒకటుంది. ఆ లైనులోని బల్బులు, మోటార్లు కప్లర్ల దగ్గర విడదీసి, ఫ్యూజు ఉండే రెండు రేకులకు మన 21 వాట్ల బల్బు రెండు కొసలూ తగిలించండి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, వైరు మాత్రం కాలదు. ఇక వైరింగ్ కట్టను అక్కడక్కడా కదిలిస్తూ రండి. ఎక్కడ చెయ్యి వేస్తే బల్బు ఆరుతుందో అక్కడే బాడీకి రాసుకుంటోంది. డిక్కీ తలుపు మలుపు, సీటు పట్టాల కింద, ఫైర్‌వాల్‌లో (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య రేకు గోడ) రబ్బరు వాషర్ ఊడిపోయిన రంధ్రం, హెడ్‌లైట్ వెనక రేకు అంచు: ముందుగా ఈ నాలుగు చోట్లా చూడండి. పసుపు రంగు కప్లర్, పసుపు స్లీవ్ కనిపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. అది ఎయిర్‌బ్యాగ్ లైను, అక్కడ బల్బు పెట్టి ఆడితే సంచి మొహం మీదే పేలొచ్చు.

కార్తీకం దాటి శెనక్కాయ ఇంటికొచ్చాక పల్లెల నుంచి వచ్చే షార్టులు వేరే రకం. గడ్డి వామి పక్కనో, మూటలు పెట్టిన వసారాలోనో కారు నిలబెడతారు. కాయ తినడానికి వచ్చిన ఎలుక చలికి వెచ్చని ఇంజిన్ మీదికెక్కి పడుకుంటుంది, పళ్లు ఊరుకోక వైరు కొరుకుతుంది. బానెట్ ఎత్తితే బ్యాటరీ మీద శెనక్కాయ పొట్టు ఉందంటే ఇంకో పరీక్ష అక్కర్లేదు. నాఫ్తలీన్ ఉండలు మన వేడికి వారంలో కరిగిపోతాయి, పొగాకు కాడలు కట్టినా పెద్ద ఫలితం నేను చూడలేదు. కారును మూటలకు దూరంగా పెట్టడం, రోజు మార్చి రోజైనా నడపడం, కింద దూరే సందులకు ఇనుప జల్లెడ కొట్టించడం పనిచేశాయి.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతోంది

దయ్యం పట్టిందని నవ్వుతారు గానీ ఇది అన్నింటికంటే సులువు. వెనక దీపంలో బల్బులన్నిటికీ ఒకటే ఎర్త్. అది తెగితే బ్రేకు కరెంటు బయటికి దారి లేక పక్క బల్బు గుండా పోతుంది. దీపం విప్పి నల్ల వైరు ఎక్కడ బాడీకి బిగించారో చూసి శుభ్రం చేస్తే దయ్యం దిగుతుంది. ఇండికేటర్ ఒకవైపు మాత్రం తొందర తొందరగా కొట్టుకుంటే ఆ వైపు ఒక బల్బు పోయింది. ఎల్‌ఈడీలు వేయించాక కొట్టుకుంటుంటే, అవి తక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి ఇండికేటర్‌ను ఆర్పి వెలిగించే ఫ్లాషర్, బల్బు పోయిందనుకుంటోంది.

హెడ్‌లైట్లు మసక, హోల్డర్ కరిగిపోతోంది

గుత్తి, డోన్ మీదుగా రాత్రి కర్నూలు పోయేవాళ్ల ఫిర్యాదు. "లైటు చాలడం లేదన్నా, పెద్ద బల్బులు వెయ్యి" అంటారు. కంపెనీ బల్బు డిమ్‌లో 55 వాట్లు, రెండింటికీ కలిపి 9 ఆంపియర్లు. మార్కెట్లో దొరికే 100/90 (బ్రైట్‌లో 100, డిమ్‌లో 90 వాట్లు) వేస్తే అదే లైనులో 15 పోతాయి. అతుకు దగ్గర వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండున్నర రెట్ల పైనే కాలుతుంది. మొదట హోల్డర్, తర్వాత స్టీరింగ్ కింది స్విచ్చి.

ముందు లైటు వేసి, బల్బు వెనక రెండు పిన్నుల దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గరి దానికంటే ఒక వోల్టు పైన తక్కువుంటే తప్పు బల్బుది కాదు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. పింగాణీ హోల్డర్లు, ఒక రిలే, బ్యాటరీకి దగ్గరలో ఒక ఫ్యూజు పెట్టి లావు వైరుతో నేరుగా లాగితే అదే 55 వాట్ల బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. నేను పెద్ద బల్బులు వేయను. ఎదురుగా వచ్చేవాడికీ కళ్లుంటాయి.

తలుపు సగం తెరిస్తేనే అద్దం దిగుతోంది

తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైర్లు వేల సార్లు వంగి తెగుతాయి. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి ఉండదు. గొట్టం జరిపి ఒక్కో వైరునూ మెల్లగా లాగండి, తెగింది సాగుతుంది.

కారులోకి నీళ్లు పోయాయి

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన తర్వాత ఈ పని నెలల తరబడి చేశాను. కడిగి ఆరబెట్టిన కార్లు అప్పటికి బాగానే తిరిగాయి. సంక్రాంతి దాటాక ఒక్కొక్కటే రావడం మొదలైంది: హారన్ దానంతటదే మోగడం, ఒకరోజు అద్దాలు, మర్నాడు పంపు. కార్పెట్ కింద కప్లర్లు విప్పితే పిన్నులన్నీ పచ్చగా చిలుము.

నీళ్లు పోయిన కారుకు ముందు బ్యాటరీ తీసేయాలి, తాళం తిప్పి చూడాలన్న ఆశ వద్దు. కరెంటు ఉన్న పిన్ను తడిలో చాలా తొందరగా తినేస్తుంది. సీట్లు, కార్పెట్ విప్పి, కప్లర్లు మంచినీళ్లతో కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరాక కలపాలి. చిలుము పట్టిన వైరు కొస కత్తిరిస్తే లోపల రాగి నల్లగా ఉంటుంది, పోగుల మధ్య నీళ్లు పైకి పాకి ఉంటాయి. నల్ల రాగికి సోల్డర్ అంటదు. ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరిస్తూ పోయి, అక్కడి నుంచి అదే లావు వైరు ముక్క కొత్తది అతికించాలి. అతుకు మీద వేడికి ముడుచుకునే స్లీవ్ వేసి, పైన గుడ్డ టేపు చుట్టండి. మామూలు నల్ల టేపు మన ఎండకు ఒక వేసవి కూడా నిలవదు. రెండు పక్క పక్క వైర్లు అతికించేటప్పుడు అతుకులు ఒకే చోట రాకుండా రెండు వేళ్ల ఎడంగా వేసి, కట్టను సైలెన్సర్ వేడికి దూరంగా కట్టేయండి.