ఊపిరితిత్తిలో మచ్చ: మళ్లీ సీటీ దాకా ఎలా నెట్టుకురావాలి

సీటీ రిపోర్టులో ‘నాడ్యూల్’ (చిన్న గుండ్రటి మచ్చ) అన్న మాట కనబడగానే గూగుల్ తెరవకండి, ముందు సైజు చూడండి. ఒక్కటే గట్టి మచ్చ, 6 మిల్లీమీటర్ల లోపు, పొగ అలవాటు, పాత క్యాన్సర్ లాంటివేవీ లేకపోతే మామూలుగా మళ్లీ స్కాన్ అక్కర్లేదు. 6–8 అయితే 6–12 నెలలకు సీటీ. 8 దాటితే 3 నెలలకు సీటీయా, పెట్ సీటీయా (చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనిపించే స్కాన్), బయాప్సీయా (ముక్క తీసి పరీక్షించడం) అన్నది డాక్టర్ తేలుస్తారు. పెట్‌లో క్యాన్సరే కాదు, టీబీ మచ్చ కూడా వెలుగుతుంది. మన దగ్గర అదేం తక్కువ కాదు.

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్లినా, నిమ్స్‌కు వెళ్లినా ఫిల్ములు చాలవు, సీడీ కావాలి. పాత స్కాన్ ఉంటే బీరువా అంతా వెతికైనా పట్టుకెళ్లండి; సగం గుబులు తీర్చేది అదే. రెండో సీటీ అదే సెంటర్లో, 1 మిల్లీమీటర్ స్లైసులతోనే (స్కాన్ చూపే పలచటి పొరలు) తీయించండి. స్లైసు మందం మారితే కొలతా మారుతుంది. 2 మిల్లీమీటర్ల లోపు తేడాను పెరుగుదల కింద లెక్కేయరు.

చుట్టాల ఫోన్లకు ఇంట్లో ఒక్కరే జవాబివ్వాలి. దగ్గులో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గుతున్నా స్కాన్ తేదీ దాకా ఆగొద్దు.