పాత స్టీరియోకి ఫోన్లో పాటలు కలపడం ఎలా: పర్లాకిమిడిలో మా ఇంట్లో చేసిన పద్ధతి

మా నాన్న పెళ్లయిన కొత్తలో విశాఖపట్నం వెళ్లి కొని తెచ్చుకున్న ఆంప్లిఫయరూ, దాని తాలూకు రెండు పెద్ద చెక్క స్పీకర్లూ ఇప్పటికీ మా హాల్లోనే ఉన్నాయి, కేసెట్ డెక్కు బెల్టు సాగిపోయి మూలపడింది, తర్వాత కొన్న సీడీ ప్లేయరుకి లెన్సు పోయింది, దాంతో ఇంటిల్లిపాదీ స్టీరియో పాడైపోయిందనే అనుకున్నాం. కానీ ఆంప్లిఫయరుకి ఏమీ కాలేదు, స్పీకర్లకీ ఏమీ కాలేదు, వాటికి పాట అందించే పెట్టెలు పోయాయి, అంతే. మీ ఇంట్లో కూడా అటక మీదో, దుప్పటి కప్పి ఓ మూలనో అలాంటిది ఉంటే పాత ఇనప సామాన్లు కొనేవాడికి తూకానికి ఇచ్చెయ్యకండి, ముందు ఇది చదవండి. రెండు మూడు వేలకి వచ్చే చిన్న బ్లూటూత్ స్పీకర్లో మృదంగం ఎడమ వైపు దెబ్బ అసలు వినపడదు, ఆ చెక్క డబ్బాల్లో అయితే గుండెకి తగులుతుంది.

మాలాంటి వాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. మాది ఒడిశా, ఇక్కడ బడిలో ఒడియా, ఆఫీసులో ఒడియా, బజార్లో సగం ఒడియా, మహేంద్రతనయ నది అవతల ఆంధ్రా వైపు పాతపట్నంలో బోర్డులన్నీ తెలుగే గానీ మా పిల్లలకి తెలుగు చెవిన పడేది ఇంట్లోనే. ఫోన్లో చిన్న గొంతుతో ఎవరికి వాళ్లు వినడం వేరు, హాల్లో అందరికీ వినపడేలా హరికథో, పాత పాటలో మోగడం వేరు. అందుకే నేను దీని వెనకాల ఇంత తిరిగాను.

ముందు సెట్టు బాగుందో లేదో చూసుకోండి. వాల్యూమ్ సున్నాలో పెట్టి, ఏమీ తగిలించకుండా ఆన్ చేసి ఒక పావుగంట వదిలెయ్యండి, కాలిన వాసన గానీ స్పీకర్లలోంచి పెద్ద గూం మోత గానీ వస్తే ఆపేసి మెకానిక్కి చూపించండి. మూత మీరే తీద్దామనుకుంటే ప్లగ్గు పీకిన వెంటనే మాత్రం తియ్యొద్దు, లోపలున్న పెద్ద కెపాసిటర్లు కరెంటు తీసేశాక కూడా కాసేపు చార్జి పట్టి ఉంచుకుంటాయి, షాక్ కొడతాది. వాల్యూమ్ తిప్పుతుంటే కరకరమంటే అది పెద్ద రోగం కాదు, లోపల దుమ్ము, ఎలక్ట్రానిక్స్ షాపులో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అడగండి, ప్లగ్గు తీసేసి ఆ వాల్యూమ్ కంట్రోల్ సందులో కొట్టి అటూ ఇటూ ఓ ఇరవై సార్లు తిప్పి, ఆరాక పెట్టుకోండి. స్పీకరు జాలీ తీసి కోను చుట్టూ ఉండే అంచు కూడా చూడండి, రబ్బరుదైతే చాలా ఏళ్లు ఉంటుంది, ఫోముదైతే మన గాలిలో తేమకి ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. అది మార్చే వాళ్లున్నారు, స్పీకరు పారెయ్యక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా హాల్లోకి నీళ్లు కారి ఒక డబ్బా అడుగు చెక్క ఉబ్బిపోయింది, వడ్రంగి చేత కింద పలక ఒక్కటి మార్పించాం, ఆ స్పీకరే ఇప్పటికీ మోగుతోంది.

ఇప్పుడు వెనక్కి తిప్పండి, అసలు పని అక్కడే. జతలు జతలుగా గుండ్రటి కన్నాలుంటాయి, ఎరుపు కుడి వైపుది, తెలుపు గానీ నలుపు గానీ ఎడమది, వీటినే ఆర్‌సీఏ అంటారు. వాటి మీద ఆక్స్ అనో, సీడీ అనో, ట్యూనర్ అనో రాసుంటే ఏదైనా పనికొస్తుంది, పేర్లు వేరు గానీ లోపల అన్నీ ఒకటే. టేప్ అని ఉంటే మాత్రం రెండు జతలుంటాయి, రికార్డ్ లేదా అవుట్ అన్నది వదిలేసి ప్లే లేదా ఇన్ అన్నదానికి పెట్టాలి.

ఫోనో అని రాసున్న దాన్ని ముట్టుకోకండి. నేను మొదటిసారి ఖాళీగా కనపడింది కదా అని బ్లూటూత్ డబ్బాని (అదేంటో కింద చెప్తాను) దానికే తగిలించాను, బొంగురుగా, పగిలిపోయినట్టు వచ్చేసరికి ఆంప్లిఫయరే పోయిందనుకుని రాత్రంతా బాధపడ్డాను. విషయం ఏటంటే గ్రామఫోన్ సూది నుంచి వచ్చే సిగ్నలు 5 మిల్లీవోల్టుల లాంటి చాలా చిన్నది, అందుకని ఫోనో వెనక దాన్ని దాదాపు 100 రెట్లు పెంచి, బేస్ ఎక్కువ చేసి, ట్రెబుల్ తగ్గించే సర్క్యూట్ ఉంటుంది, బ్లూటూత్ డబ్బా ఇచ్చేదేమో ఒక వోల్టు అటూ ఇటూగా, అంత సిగ్నలు దాన్లోకి తోస్తే ఇంకేం మిగుల్తుంది.

కొన్ని పాత సెట్లకి ఈ కన్నాలు ఉండవు, అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది, డిన్ సాకెట్ అంటారు. దానికి డిన్ నుంచి ఆర్‌సీఏకి మార్చే కార్డు దొరుకుతుంది, మెకానిక్ చేత చేయించుకుంటే చెప్పాల్సింది ఇదీ: 2 నంబరు పిన్ను గ్రౌండు, 3 ఎడమ, 5 కుడి, 1, 4 రికార్డింగ్‌కి బయటికి వచ్చేవి కాబట్టి వాటి జోలికి పోవద్దు. పిన్నులు వరసలో లెక్కపెట్టకండి, వాటి నంబర్లు వరసగా ఉండవు, సాకెట్ మీద చిన్నగా రాసి ఉంటే అది చూసే చెయ్యమనండి. ఏ ఇన్‌పుట్టూ లేని టూ ఇన్ వన్, అంటే రేడియో కేసెట్ కలిసిన సెట్టు అయితే కేసెట్ ఆకారంలో తీగ ఉన్న అడాప్టరు వస్తుంది, డెక్కులో మోటారు తిరుగుతుంటే చాలు, అది పెడితే పాట వస్తుంది.

సరే, కన్నం దొరికింది, ఇప్పుడు దానికి ఏం తగిలించాలి. అందరికంటే తేలిక బ్లూటూత్ రిసీవరు, అగ్గిపెట్టంత ఉంటుంది, ఫోను చార్జరు లాంటి 5 వోల్టుల అడాప్టరుతో నడుస్తుంది, దాన్నుంచి ఆంప్లిఫయరుకి షాపుల్లో ఈపీ టు ఆర్‌సీఏ కార్డు అంటారే, ఒక వైపు హెడ్‌ఫోన్ పిన్ను రెండో వైపు ఎరుపు తెలుపు, అది పెట్టాలి. కార్డు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, ఒక మీటరు చాలు. బ్లూటూత్ పాటని కుదించి పంపే పద్ధతుల్ని కోడెక్‌లంటారు, కొనేటప్పుడు పెట్టె మీద వాటిలో ఏఏసీ ఉందా చూడండి, ఐఫోన్లు దాన్ని వాడతాయి, ఆండ్రాయిడ్ వాళ్లకి ఆప్ట్‌ఎక్స్ గానీ ఎల్‌డాక్ గానీ ఉంటే ఇంకా మంచిదే, ఎల్‌డాక్ సెకనుకి 990 కిలోబిట్ల దాకా పంపుతుంది, ఇవేవీ లేకపోయినా ఎస్‌బీసీ అన్నది అన్నిట్లోనూ ఉంటుంది, హాల్లో కూర్చుని వినడానికి నిజంగా అదీ బాగానే ఉంటుంది. నా అనుభవంలో కోడెక్ పేర్ల కంటే ఆ డబ్బాలోంచి వచ్చే బుస్సు మోతే ఎక్కువ ఇబ్బంది, మరీ చవకవి పాట ఆగినప్పుడు చీమలు పాకినట్టు శబ్దం చేస్తాయి, వాపసు తీసుకుంటానంటేనే కొనండి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తాను. మెకానిక్ షాపుల్లో బ్లూటూత్ కిట్ అని ఒకటి పెడతామంటారు, లైట్లు వెలుగుతూ పెన్‌డ్రైవ్ కూడా పట్టే ప్యానెల్, దానికోసం సెట్టు ముందు పలకకి చదరంగా కోత పెడతారు. మా మావయ్య సెట్టుకి అలాగే చేశారు, అల్యూమినియం ముఖం పాడైంది, పైగా ఆ కిట్టుకి కరెంటు ఆంప్లిఫయరు లోపల్నుంచే లాగడంతో ప్రతి పాట వెనకా కీచుమని సన్న శబ్దం వస్తూనే ఉంటుంది. మంచి సెట్టుకి కోత పెట్టనివ్వకండి, బయట పెట్టుకునే డబ్బా అయితే రేపు పాడైతే పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు.

అంతా తగిలించాక గూం అని హమ్మింగ్ వస్తోందనుకోండి, కంగారు పడకండి, రిసీవర్‌ని అడాప్టరు నుంచి తీసి పవర్ బ్యాంకుకి పెట్టి చూడండి. మోత పోయిందా, తప్పు అడాప్టరుది గానీ గ్రౌండ్ లూపుది (రెండు పెట్టెల గ్రౌండులూ రెండు దారుల్లో కలవడం) గానీ, ముందు వేరే మంచి చార్జరు మార్చండి, అప్పటికీ వస్తే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న గొట్టంలా ఉండేది దొరుకుతుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి, కార్డు మధ్యలో పెడితే చాలా వరకు ఆగిపోతుంది. పవర్ బ్యాంకు మీద కూడా మోత వస్తే కార్డు మార్చి చూడండి, దాన్ని కరెంటు తీగల పక్కనుంచి దూరం జరపండి. మోత పోతుందని ఎవరైనా ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచెయ్యమంటే మాత్రం వినొద్దు, అది ప్రాణం కోసం పెట్టింది.

బ్లూటూత్‌తో మాకొచ్చిన చిక్కు వేరు. చెల్లి పాట పెట్టి ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్తే పాట తెగిపోయేది, పది మీటర్లు అంటారు గానీ మా పాత ఇంటి గోడలు మూరెడు మందం, ఒక్క గోడ దాటితే అయిపోయినట్టే. ఫోనొస్తే పాట ఆగుతుంది, వాట్సాప్ మెసేజ్ వస్తే ఆ టింగుమనేది కూడా ఒక్కోసారి పెద్ద స్పీకర్లలోంచే, అమ్మ సుప్రభాతం మధ్యలో అది వినలేకపోయింది. ఇంట్లో వై-ఫై ఉంటే రెండో దారి మంచిది.

వై-ఫై స్ట్రీమరు అంటే విమ్ మినీ లాంటివి, దానికీ అదే ఈపీ టు ఆర్‌సీఏ కార్డే. తేడా ఎక్కడంటే స్పాటిఫై కనెక్ట్ లాంటివాటిలో ఫోను ఏ పాటో చెప్తుంది అంతే, పాటని ఆ డబ్బా తనే నెట్ నుంచి లాక్కుంటుంది, మీరు ఫోను తీసుకుని బజారుకెళ్లిపోయినా ఇంట్లో పాట ఆగదు, కాల్ వచ్చినా స్పీకరుకి తెలీదు. ఐఫోన్లలో ఉండే ఎయిర్‌ప్లేలో అయితే మామూలుగా పాట ఫోను గుండానే వెళ్తుంది, అది గుర్తుంచుకోండి. సెకండ్ హ్యాండ్‌లో గూగుల్ వాళ్ల ఇలాంటి డబ్బానే, క్రోమ్‌కాస్ట్ ఆడియో, దొరికితే చవకే గానీ 2015లో వచ్చిన ఆ డబ్బాని 2019లోనే ఆపేశారు, 2025 మార్చిలో సర్టిఫికెట్ గడువు అయిపోయి ఉన్నట్టుండి అన్నీ పనిచెయ్యడం మానేశాయి, తర్వాత గూగుల్ అప్‌డేట్ ఇచ్చి బాగుచేసింది, కానీ దానికి ఎక్కువ డబ్బు పెట్టమని నేను చెప్పను.

డబ్బా కొనకుండానే ఇంట్లో పక్కన పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోను, హెడ్‌ఫోన్ కన్నం ఉన్నది, స్టీరియో పక్కన పెట్టి శాశ్వతంగా తగిలించెయ్యొచ్చు, ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్నది ఇదే. అందులో సిమ్ తీసేశాను, వాట్సాప్ లేదు, నోటిఫికేషన్లన్నీ ఆపేశాను, పాటల యాప్‌లూ, ప్రసార భారతి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ మాత్రం ఉన్నాయి. ఆకాశవాణి విశాఖపట్నం మాకు రేడియోలో సరిగా అందదు, ఆ యాప్‌లో శుభ్రంగా వస్తుంది. మొదట్లో నాన్న, "ఒరే, ఫోను చేతిలో ఉంది గదా, మళ్లీ దీనికెందుకురా ఇంత తతంగం" అన్నారు, పొద్దున్న తెలుగు వార్తలు తన పాత స్పీకర్లలోంచి వచ్చేసరికి ఇంకేమీ అనలేదు, కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నారు. ఒక్క జాగ్రత్త, ఆ ఫోనుని రాత్రీ పగలూ చార్జింగ్‌లో ఉంచొద్దు, బ్యాటరీ ఉబ్బుతుంది, వెనక మూత లేచినట్టు కనపడితే ఆ రోజే తీసెయ్యండి.

డేటా గురించి భయపడేవాళ్లకి, 320 కిలోబిట్ల క్వాలిటీలో గంట పాట వింటే 144 ఎంబీ అవుతుంది, సినిమా చూడ్డంతో పోలిస్తే ఏమీ కాదు. రౌటరు దూరంగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ వదిలేసి 2.4కి కలపండి, గోడలు దాటడంలో అదే నయం. వేసవిలో మాకు కరెంటు తీసినప్పుడల్లా రౌటరు ఆగి మళ్లీ లేవడానికి టైము పట్టేది, చిన్న రౌటర్ యూపీఎస్ పెట్టాక ఆ గొడవ తగ్గింది, కొనే ముందు మీ రౌటర్ అడాప్టరు మీద 12 వోల్టులా 9 వోల్టులా అని చదివి అదే తీసుకోండి.

సౌండు సర్దుకోవడం కూడా చెప్తాను, చాలామంది ఇక్కడే పాడుచేసుకుంటారు. ఫోను వాల్యూమ్ సగంలో ఉంచి ఆంప్లిఫయరు ఎక్కువ తిప్పితే బుస్సు మోత కూడా పెరుగుతుంది. ఆంప్లిఫయరు సున్నాలో పెట్టి, ఫోను వాల్యూమ్ నిండా పెంచి, అప్పుడు ఆంప్లిఫయరు మెల్లగా తిప్పండి. గొంతు పగిలినట్టు వస్తే ఫోనులో రెండు మెట్లు తగ్గించండి. ఫోన్లో ఈక్వలైజరు, బేస్ బూస్టు అన్నీ ఆపెయ్యండి, బేస్ కావాలంటే సెట్టు మీద ఉన్న మీటే తిప్పుకోండి.

చివరికి మా ఇంట్లో పెట్టిన అమరిక ఇదీ. ఆంప్లిఫయరు, ఫోను చార్జరు రెండూ ఒకే స్విచ్ బోర్డు పెట్టెకి పెట్టాను, రాత్రి ఒక్క స్విచ్ ఆపితే రెండూ ఆగిపోతాయి, ఫోనుకి చార్జింగ్ కూడా తెగుతుంది, పొద్దున్న మళ్లీ ఎక్కుతుంది. ఆపే ముందు వాల్యూమ్ సున్నా చెయ్యాలి, లేకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు స్పీకర్లు ఢామ్మంటాయి. ఏ కన్నంలోంచి పాట రావాలో ఎంచుకునే సెలెక్టర్ మీద ఆక్స్ దగ్గర తెల్ల కాగితం అతికించి "పాటలు" అని తెలుగులో రాశాను, వాల్యూమ్ మీట ఎంతవరకు తిప్పాలో అమ్మ తన గోళ్ల రంగుతో తనే ఒక ఎర్ర చుక్క పెట్టుకుంది.