ఎంఆర్ఐ పాఠాలు – 4: సార్ అంకెకు కనిపించని వేడి

ముందు మూడో పాఠం చివర ఇచ్చిన లెక్క. బొమ్మ కోసం పంపే రేడియో తరంగం ఒంట్లోని హైడ్రోజన్ కేంద్రకాలను ఎంత కోణం తిప్పుతుందో అదే ఫ్లిప్ యాంగిల్. దాన్ని 180 డిగ్రీల నుంచి 120కి దించితే ఆ తరంగం పేషెంట్ ఒంట్లో పుట్టించే వేడి ఎంత తగ్గుతుంది? మూడో వంతు అని రాసినవాళ్లు కొట్టేయండి. శక్తి కోణాన్ని బట్టి కాదు, కోణం వర్గాన్ని బట్టి మారుతుంది. 120ని 180తో భాగిస్తే 0.67, దాని వర్గం 0.44. సగానికి పైగా తగ్గిపోయిందన్నమాట. 1.5 టెస్లా అయస్కాంతం నుంచి 3 టెస్లాకు వెళ్తే ఇదే వర్గం మనకు ఎదురుతిరుగుతుంది. ఫీల్డ్ రెండింతలు, వేడి దాదాపు నాలుగింతలు.

ఇవాళ హద్దుల సంగతి. ఎస్ఏఆర్ అని రాసినా పలికేది మాత్రం 'సార్' అనే. ("సార్ దాటింది" అని కొత్తగా చేరిన పిల్లలు కేకేస్తే, ఎవరు వచ్చారా అని గుమ్మం వైపు చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.) కిలో ఒంటికి ఎన్ని వాట్లు దిగుతున్నాయో చెప్పే అంకె అది. ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన 60601-2-33 ప్రమాణం ప్రకారం ఒళ్లంతటి సగటు నార్మల్ మోడ్‌లో 2, వైద్య పర్యవేక్షణలో నడిపే ఫస్ట్ లెవెల్ మోడ్‌లో 4 దాటకూడదు. తలకైతే రెండింటిలోనూ 3.2. సగటు కట్టేది 6 నిమిషాల మీద. ఈ హద్దుల వెనకున్న అసలు ఉద్దేశం ఒంటి లోపలి వేడి నార్మల్ మోడ్‌లో అర డిగ్రీ, ఫస్ట్ లెవెల్‌లో ఒక డిగ్రీ సెల్సియస్ కంటే పెరగకూడదని.

4 వాట్లంటే ఎంతో చేత్తో లెక్కేసి చూడండి. కదలకుండా పడుకున్న మనిషి ఒళ్లు దానంతటదే కిలోకు ఒక వాటు పైచిలుకు వేడి పుట్టిస్తూ ఉంటుంది. కిలో ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 3500 జౌళ్లు కావాలి. సెకనుకు 4 జౌళ్ల చొప్పున 15 నిమిషాలు పోస్తే 3600. చెమట పట్టకుండా, రక్తం ఆ వేడిని మోసుకుపోకుండా ఉంటే పావుగంటకే డిగ్రీ పెరిగిపోతుంది. మామూలు మనిషికి అలా జరగదు, ఒళ్లే చల్లబరుచుకుంటుంది. ఆ పని సరిగా చేయలేనివాళ్ల మీదే మన కన్ను ఉండాలి. జ్వరంతో వచ్చినవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, మత్తిచ్చిన పిల్లలు, గర్భిణులు. వీళ్లకు నేను నార్మల్ మోడ్ దాటను. చలేస్తోందని అడిగితే పల్చటి దుప్పటి ఇస్తాను గానీ మూడు కప్పను, పేషెంట్ దూరే సొరంగం, అంటే బోర్‌లో ఫ్యాన్ ఆపను.

ఇక బరువు. సార్ లెక్కలో వాట్లను భాగించే హారం మీరు టైపు చేసిందే. పేషెంట్ ఒంట్లోకి 120 వాట్లు వెళ్తున్నాయనుకోండి. మనిషి 60 కిలోలైతే సార్ 2. తొందరలో 80 అని కొట్టారనుకోండి, స్క్రీన్ 1.5 చూపిస్తుంది, ఇంకా చోటుందనుకుని పవర్ పెంచనిస్తుంది. మెషీన్ వేసే లెక్క ఇంతకంటే చిక్కుగా ఉంటుంది గానీ సూత్రం ఇదే. "ఎంతుంటారమ్మా?" అని అడిగి ఊరుకోకండి. బయట కాటా ఉంది, ఎక్కించండి.

ఇంతవరకూ అంకెకు తెలిసిన సంగతులు. ఎంఆర్ఐలో కాలిన గాయాలు ఎక్కువగా అయ్యేది అంకెకు తెలియని చోట. ఒకసారి నడుము స్కాన్ మధ్యలో ఒకావిడ బెల్ నొక్కింది. "పిక్కల దగ్గర సూదులు గుచ్చినట్టుంది బాబూ" అంది. స్క్రీన్ మీద సార్ 1.4. అంతా సవ్యంగానే ఉందనిపించే అంకె. టేబుల్ బయటికి లాగి చూస్తే రెండు పిక్కలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, ఆనిన చోట రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. రెండు కాళ్లూ, పైన తుంటీ కలిసి ఒక చుట్టు అయ్యాయి. రేడియో తరంగాల వల్ల దాంట్లో పుట్టిన కరెంటంతా ఆ చిన్న ఆనిక గుండానే పోవాలి. ఒళ్లంతటి సగటు తీస్తే రూపాయి బిళ్లంత చోటు ఎక్కడ కనిపిస్తుంది?

అప్పట్నుంచి నా అలవాటు ఇది. కాళ్ల మధ్య మడతపెట్టిన పొడి దుప్పటి. "చేతులు కట్టుకోవద్దండీ, తొడ మీద పెట్టుకోవద్దు, పక్కన చాపుకోండి" అని నోటితో చెప్పడమే కాదు, చేతికీ తొడకీ మధ్య కూడా బట్ట. మోచేతికీ బోర్ గోడకీ మధ్య ప్యాడ్. కాయిల్ (సిగ్నల్ పట్టే యాంటెన్నా) వైరు, ఈసీజీ వైరు చుట్టలు చుట్టకుండా, చర్మానికి తగలకుండా తిన్నగా బయటికి.

నగల దగ్గర వాదన తప్పదు. "బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదండీ" అంటారు. నిజమే, అంటుకోదు. కానీ కరెంటు బాగా పారుతుంది. మన గొడవ లాగడంతో కాదు, వేడితో. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని పెద్దవాళ్లకు పసుపు కొమ్ము కట్టిన దారం మెళ్లో వేసుకోమంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. జరీ అంచు చీరా, వెండి పోగులు నేసిన ఆటల బనియన్లూ అంతే, గౌను వేయించాల్సిందే. నొప్పికో గుండెకో అంటించిన మందు పట్టీల్లో కొన్నిటి వెనక లోహపు రేకు ఉంటుంది. తీయాలా వద్దా అన్నది మీరు తేల్చకండి, డాక్టర్‌ని అడగండి.

స్కానర్ హద్దు దాటుతోందని అడ్డుపడితే, టర్బో స్పిన్ ఎకోలో (వరసగా చాలా రేడియో పల్సులు కొట్టే స్కాన్ రకం) నేను ముందు రీఫోకసింగ్ కోణం, అంటే ఆ పల్సుల ఫ్లిప్ యాంగిల్, దించుతాను. 180 నుంచి 150కి వస్తే వేడి మునుపటిలో 0.69 వంతు, 130కి వస్తే 0.52. బొమ్మ పెద్దగా చెడదు. టీఆర్ (పల్సు వరసల మధ్య వ్యవధి) పెంచడం తేలికే గానీ టీ1 బొమ్మల్లో (కణజాలం ఎంత త్వరగా తేరుకుంటుందో చూపేవి) కాంట్రాస్ట్ తింటుంది, టైమూ పెరుగుతుంది. ఎక్కువ వేడి పుట్టించే సీక్వెన్సులు (స్కాన్ రకాలు) వరసగా పెట్టకుండా మధ్యలో తక్కువ వేడి పుట్టించే గ్రేడియంట్ ఎకో దూర్చడం ఇంకా మంచిది. 6 నిమిషాల సగటు దానంతటదే దిగుతుంది.

అభ్యాసం: పేషెంట్ అసలు బరువు 50 కిలోలు. రిజిస్ట్రేషన్‌లో 70 అని పడింది. స్క్రీన్ మీద సార్ 1.6, మోడ్ నార్మల్. అసలు సార్ ఎంత? మీరు నిజంగా ఏ మోడ్‌లో ఉన్నారు? రీఫోకసింగ్ కోణం 180 ఉంటే ఎంతకు దించితే నార్మల్‌లోకి వస్తారు? వచ్చే పాఠం ఇంప్లాంట్లది, దాన్ని ఈ జవాబుతోనే మొదలుపెడతాం.