నెల్లూరు, ఒంగోల్లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవాళ్ళు కాగితాలు ఎట్టా రాసుకోవాలి

రొయ్యల మేత షాపులకి బిల్లింగ్, చీమకుర్తి గ్రానైట్ వాళ్ళకి స్టాకు లెక్కలు, నెల్లూరు పొగతోట ఆస్పత్రులకి ఓపీ చీటీల సాఫ్ట్‌వేర్, ప్రైవేటు స్కూళ్ళకి ఫీజుల యాప్, ఇట్టాంటివి చేసే చిన్న టీములు మన రెండు జిల్లాల్లో బాగానే ఉండాయి. ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు, ఒక అద్దె గది, అమెజాన్ వాళ్ళ ఏడబ్ల్యూఎస్‌లోనో మైక్రోసాఫ్ట్ వాళ్ళ అజూర్‌లోనో అద్దెకి ఒక సర్వర్, అంతే. పని బాగా చేస్తారు, రాత్రి పదింటికి ఫోన్ చేసినా ఎత్తుతారు, కానీ అగ్రిమెంట్ అనేసరికి "మనోళ్ళే కదన్నా, కాగితాలెందుకు" అంటారు. మనోళ్ళ దగ్గరే ముందు రాసుకోవాలి, ఎందుకంటే రేపు లెక్క తేడా వస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి వస్తది.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఈ వ్యాపారంలో మీరు మధ్యలో ఉండారు. పైన సర్వర్ అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీ, కింద కస్టమర్. పైవాళ్ళు మీకు ఏం ఒప్పుకున్నారు, మీరు కిందవాళ్ళకి ఏం ఒప్పుకున్నారు, ఈ రెంటికీ మధ్య ఎంత తేడా ఉంటే అంత మీ జేబులోంచి పోద్ది. ఇక నేను చెప్పేదంతా ఆ తేడాని ఎట్టా తగ్గించుకోవాలనే.

అకౌంట్ తెరిచేటప్పుడు టిక్ కొట్టేసి ముందుకి పోతాం కదా, ఆ షరతుల పేజీయే మీకూ క్లౌడ్ కంపెనీకీ ఉన్న అసలు అగ్రిమెంట్. సంతకం లేదు కాబట్టి చెల్లదులే అనుకోవద్దు, ఐటీ చట్టం 2000లో 10ఏ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసుకున్నారన్న ఒక్క కారణంతో ఏ ఒప్పందమూ చెల్లకుండా పోదు. కూర్చుని చదవండి, ముఖ్యంగా నష్టం వస్తే వాళ్ళు ఎంత వరకు కడతారు అన్న భాగం. ఏడబ్ల్యూఎస్ మామూలు అగ్రిమెంట్‌లో ఆ హద్దు ఏందంటే, గొడవకి ముందు 12 నెలల్లో ఆ సర్వీసుకి మీరు కట్టిన డబ్బు. అంతకు మించి రాదు. డేటాకి బ్యాకప్ పెట్టుకోవడం, పాస్‌వర్డులు భద్రంగా చూసుకోవడం మీ పనే అని కూడా అందులోనే ఉంటది.

ఇప్పుడు లెక్క చూడండి. ముత్తుకూరు వైపు ఒక మేత డీలర్ మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాడనుకోండి. ఆయన రైతులకి మేత అప్పు మీద ఇస్తాడు, రొయ్యల పట్టుబడి అయ్యాక వసూలు చేసుకుంటాడు, అంటే ఎవరు ఎన్ని బస్తాలు తీసుకెళ్ళారు అన్న ఖాతా మొత్తం మీ సర్వర్లోనే ఉంది. పట్టుబడి టయానికి డేటాబేస్ దెబ్బతిని రెండు వారాల ఎంట్రీలు పోయాయి, బ్యాకప్ లేదు. ఆయన 6 లక్షలు నష్టపోయానంటాడు. మీరు క్లౌడ్ కంపెనీకి ఆ సర్వీసుకి నెలకి 8 వేలు కడుతున్నారు, అంటే తప్పు వాళ్ళదేనని తేలినా ఏడాదికి 96 వేలు, అంతే వచ్చేది. మిగతా 5 లక్షల పైచిలుకు ఎవరిది? మీ అగ్రిమెంట్‌లో ఏమీ రాయకపోతే మీదే అని ఆయన లాయర్ వాదిస్తాడు, "నష్టం ఏమొచ్చినా మాదే బాధ్యత" అని మీరు ఉత్సాహంగా కొటేషన్‌లో రాసిచ్చి ఉంటే ఇక వాదన కూడా అక్కర్లేదు.

అందుకే కస్టమర్ అగ్రిమెంట్‌లో ఇట్టాంటి మాట ఒకటి కచ్చితంగా ఉండాలి: "ఈ ఒప్పందం కింద ఏ కారణం చేతనైనా మా బాధ్యత, నష్టం జరిగిన తేదీకి ముందు 12 నెలల్లో మీరు మాకు చెల్లించిన మొత్తానికి మించదు. వ్యాపార లాభంలో నష్టానికి, పరోక్ష నష్టాలకి మేము బాధ్యులం కాము." ఇది మోసం అనుకోవద్దు, పెద్ద కంపెనీలన్నీ మనతో చేసేది ఇదే. కాకపోతే దీంతో పాటు బ్యాకప్ రోజూ తీస్తామా, ఎన్నాళ్ళు ఉంచుతాం అన్నది కూడా నిజాయితీగా రాయండి, రాసింది చేయండి, కావాలని మోసం చేస్తే ఈ కాగితం ఎట్టాగూ మిమ్మల్ని కాపాడదు.

అప్‌టైమ్, అంటే సాఫ్ట్‌వేర్ ఆగకుండా నడిచే టైము, దాని దగ్గర కూడా ఇదే పొరపాటు జరుగుతా ఉంటది. "99.99 శాతం గ్యారంటీ" అని బ్రోచర్లో వేసేస్తారు. 30 రోజుల నెలలో 99.99 శాతం అంటే ఆగడానికి మీకున్నది 4 నిమిషాల పైచిలుకు, 99.9 అంటే 43 నిమిషాలు. ఏడబ్ల్యూఎస్ తన ఈసీ2 సర్వర్లకి 99.99 చెప్పేది ఒకే రీజియన్లో (ఒక ప్రాంతంలో) కనీసం రెండు జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) సర్వర్లు పెట్టుకున్నవాళ్ళకి, మీది ఒక్క సర్వరే అయితే ఆ మాట మీకు వర్తించదు. పైగా వాళ్ళిచ్చేది డబ్బు కాదు, తర్వాతి బిల్లులో తగ్గింపు, అది కూడా మీరు టయానికి అడిగితేనే. కాబట్టి పైవాళ్ళు మీకు చెప్పినదానికంటే తక్కువే మీరు కిందవాళ్ళకి చెప్పండి, మెయింటెనెన్స్ టైముని ఆగిన టైములో కలపం అని రాయండి, షాపులో కరెంటు పోయినా నెట్ పోయినా అది మన లెక్కలోకి రాదని కూడా రాయండి. ఈ చివరిది చిన్నగా కనిపిస్తది కానీ సపోర్ట్ ఫోన్లలో చాలా భాగం దాని గురించే వస్తాయని ఈ పని చేసే ఎవరినడిగినా చెప్తారు.

ఇక కోడ్ ఎవరిది అన్న విషయం. చాలామంది "డబ్బులిచ్చాను కాబట్టి నాదే" అనుకుంటారు. మన కాపీరైట్ చట్టం 1957లో అట్టా లేదు. జీతానికి పెట్టుకున్న ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే, అది 17వ సెక్షన్. కానీ కావలిలో ఉన్న ఒక ఫ్రీలాన్సర్ కుర్రాడికి యాప్ ఫ్రంటెండ్ (తెర మీద కనిపించే భాగం) పని ఇచ్చారు, ఫోన్‌పేలో డబ్బు కొట్టారు, అతను కోడ్ పంపాడు, అంతటితో అయిపోయింది అనుకుంటే ఆ కోడ్‌కి చట్టప్రకారం యజమాని అతనే. మీకు ఉన్నది వాడుకునే హక్కు మాత్రమే అని వాదించొచ్చు. హక్కు మీకు రావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, అతని సంతకంతో బదలాయింపు ఉండాలి. ఆ కాగితంలో ఎన్నాళ్ళు అన్నది రాయకపోతే 5 ఏళ్ళే, ఏ దేశాల్లో అన్నది రాయకపోతే ఇండియా వరకే. రేపు మీ యాప్‌ని దుబాయ్‌లో ఉన్న మన నెల్లూరాయన కొంటానంటే అప్పుడు బయటపడుద్ది ఈ లొసుగు. బదలాయించుకున్న హక్కుని ఏడాది లోపల వాడకపోతే అది తిరిగిపోయే నిబంధన కూడా అదే సెక్షన్లో ఉంది, వద్దనుకుంటే అదీ కాగితంలోనే రాసుకోవాలి. అందుకని ఇట్టా రాయించుకోండి: "ఈ పనిలో నేను రాసిన కోడ్, డిజైన్, డాక్యుమెంట్లు అన్నింటి మీద కాపీరైట్ మొత్తం, ప్రపంచమంతటికీ, కాపీరైట్ ఉన్నంత కాలం, ఫలానా కంపెనీకి బదలాయిస్తున్నాను, ఎంతకాలం వాడకపోయినా ఈ హక్కు నాకు తిరిగి రాదు." పేరు, తేదీ, ఏ పని, ఎంత డబ్బు, సంతకం. ఒక్క పేజీ సరిపోద్ది. పని మొదలయ్యే రోజే చేయించండి, డబ్బు మొత్తం ఇచ్చేశాక సంతకం కోసం అతని చుట్టూ తిరగాల్సి వస్తది.

ఇదే విషయం కస్టమర్ వైపు నుంచి తిరగబడుద్ది. గ్రానైట్ ఎక్స్‌పోర్టర్ ఒకాయన "అంత డబ్బిచ్చాం, సోర్స్ కోడ్ ఇచ్చేయండి" అంటాడు. మీరు అమ్మింది వాడుకునే లైసెన్సా, కోడ్ మొత్తమా అన్నది మొదటే తేల్చండి. నా సలహా అయితే, అందరికీ పనికొచ్చే అసలు కోడ్ మీ దగ్గరే ఉంచుకోండి, ఆయన కోసం ప్రత్యేకంగా చేసిన మార్పులు కావాలంటే ఇవ్వండి, దానికి రేటు వేరే పెట్టండి. మీరు మూసేస్తే తన గతేంటి అని ఆయన భయపడితే అది న్యాయమైన భయమే, కోడ్ కాపీ మూడో మనిషి దగ్గర ఉంచి మీరు సర్వీసు ఆపేసిన రోజు ఆయనకి అందేలా రాసుకోవచ్చు.

ఓపెన్ సోర్స్ లైబ్రరీలు, అంటే ఎవరైనా తెచ్చి వాడుకోమని వేరేవాళ్ళు పెట్టిన రెడీమేడ్ కోడ్, ఉచితమే కానీ షరతులు లేనివి కాదు. ఎంఐటీ లైసెన్స్ అయితే వాళ్ళ కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు. జీపీఎల్ అయితే మీ సాఫ్ట్‌వేర్‌ని పంచినప్పుడు సోర్స్ కూడా ఇవ్వాలి. ఏజీపీఎల్ లైసెన్స్ ఉన్న కోడ్ తెచ్చి మార్పులు చేసి క్లౌడ్‌లో నడిపితే, కాపీ ఎవరికీ ఇవ్వకపోయినా, నెట్ ద్వారా వాడేవాళ్ళకి సోర్స్ అందుబాటులో పెట్టాలి, మనలాంటి క్లౌడ్ వాళ్ళు జాగ్రత్త పడాల్సింది దీని దగ్గరే. ప్రాజెక్టులో వాడిన ప్రతి లైబ్రరీ పేరు, లైసెన్స్ ఒక షీట్లో రాసుకోండి. ఆఫీసులో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మాత్రం వద్దే వద్దు, దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసుంది.

డేటా గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. ఆస్పత్రి సాఫ్ట్‌వేర్లో ఒకామె పేరు, ఫోన్ నంబరు, ఏ జబ్బుకి వచ్చింది అన్నీ ఉంటాయి. ఆ డేటాబేస్‌ని టెస్టింగ్ కోసమని ఒక కుర్రాడు లాప్‌టాప్‌లోకి దించుకుని, ఎక్సెల్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఊరు చిన్నది, ఆమెని గుర్తుపట్టేవాళ్ళు ఆ గ్రూపులోనే ఉండొచ్చు. చట్టం పక్కన పెట్టినా ఇది తప్పు. ఇక చట్టం సంగతంటే, డీపీడీపీ చట్టం (వ్యక్తుల డిజిటల్ డేటా రక్షణ చట్టం) 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్లో నోటిఫై చేశారు, ప్రధాన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. డేటాని భద్రంగా కాపాడనందుకు జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. అంత మీకు వేస్తారని కాదు, బాధ్యత ఏ స్థాయిదో చెప్తున్నా.

ఈ చట్టంలో మొదటి బాధ్యత ఆస్పత్రిది, మీరు ఆస్పత్రి తరఫున డేటా చూసేవాళ్ళు, ఇద్దరి మధ్య చెల్లే కాంట్రాక్టు ఉండాలి. అందులో డేటా ఎవరు చూడొచ్చు, సర్వర్ యాడ ఉంటది, ముంబైలోనా హైదరాబాద్ రీజియన్లోనా, సర్వీసు మానేశాక ఎన్ని రోజుల్లో ఏ ఫార్మాట్లో డేటా తిరిగిస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, ఇవన్నీ రాయండి. స్కూల్ యాప్ చేసేవాళ్ళకి ఇంకో మాట, 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లల కిందే లెక్క, తల్లిదండ్రుల అనుమతి తీసుకునే పద్ధతి అడ్మిషన్ ఫారంలోనే పెట్టించండి. టెస్టింగ్‌కి దొంగ పేర్లతో డేటా తయారుచేసుకోండి, అరపూట పని.

హ్యాక్ అయితే? సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గమనించినప్పటి నుంచి 6 గంటల లోపల వాళ్ళకి రిపోర్ట్ చేయాలి, లాగ్స్ (సర్వర్లో ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న రికార్డులు) 180 రోజులు ఉంచాలి. అర్ధరాత్రి రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడితే ఆ టయానికి అడ్రస్ వెతుక్కుంటా కూర్చోలేరు, కాబట్టి ఎవరు మెయిల్ పెట్టాలి, ఎవరు కస్టమర్లకి చెప్పాలి అన్నది ఇప్పుడే ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఫార్మాట్ చేసేసి కొత్తగా మొదలెడదాం అని తొందరపడొద్దు, ముందు డిస్క్ కాపీ తీయండి, సాక్ష్యం అదే.

డబ్బు రాని కస్టమర్ సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఇప్పుడే చేయించుకోండి, ఉచితం. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులు, దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. ఈ మాట ఇన్‌వాయిస్ కింద ఒక లైను వేయండి, ఫోన్లు ఎత్తని వాళ్ళు కూడా చదువుతారు. కానీ డబ్బివ్వలేదని కస్టమర్ సొంత సర్వర్లోకి లాగిన్ అయి రాత్రికి రాత్రే సాఫ్ట్‌వేర్ ఆపేయడం మాత్రం చేయొద్దు, ఐటీ చట్టం 43 సెక్షన్ కింద తిరిగి మీ మీదే కేసు పెడతారు. మీ సర్వర్లో నడిచేదైనా సరే, ఇన్ని రోజుల నోటీసు ఇచ్చి ఆపుతాం, డేటా మాత్రం ఇచ్చేస్తాం అని ముందు రాసుకుని ఉంటేనే ఆపండి.

జీఎస్టీ గురించి క్లుప్తంగా: సర్వీసులకి 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్, సాఫ్ట్‌వేర్ సర్వీసులకి 18 శాతం. విదేశీ కస్టమర్ అయితే ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ అనే హామీ పత్రం పెట్టుకుంటే పన్ను కట్టకుండా బిల్లు వేయొచ్చు. విదేశీ కంపెనీ నుంచి నేరుగా సర్వీసు కొంటే రివర్స్ చార్జ్ మీ మీద పడుద్ది, అంటే ఆ జీఎస్టీ అమ్మినవాళ్ళ బదులు మీరే కట్టాలి, 20 లక్షల లోపు ఉన్నా సరే, కాబట్టి మీ క్లౌడ్ బిల్లు ఇండియా కంపెనీ పేరు మీద వస్తందా బయటి పేరు మీద వస్తందా చూసి ఆడిటర్‌కి చూపించండి.

ఉద్యోగులతో "మానేశాక రెండేళ్ళు వేరే సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరకూడదు" అని రాయించుకోవడం వేస్టు, కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడదు. రహస్యాలు బయటపెట్టకూడదు, కోడ్, కస్టమర్ లిస్టు పట్టుకుపోకూడదు అన్నది నిలబడుద్ది, అదే గట్టిగా రాయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం అసలొద్దు, ఆ పిల్లల తల్లిదండ్రులు ఎంత కష్టపడి చదివించుంటారో ఆలోచించండి.

ఇంత చేసినా గొడవ వస్తే, ఏ కోర్టు అన్నది అగ్రిమెంట్లో ఉండాలి. బెంగుళూరు కస్టమర్ పంపిన కాగితంలో అక్కడి కోర్టే అని ఉంటది, నెల్లూరనో ఒంగోలనో మార్చమని సంతకానికి ముందే అడగండి, ఒప్పుకోకపోతే కనీసం ఆన్‌లైన్ మీడియేషన్ (మధ్యవర్తి ద్వారా రాజీ) అయినా పెట్టించండి. 3 లక్షలు, ఆపైన ఉన్న వ్యాపార వివాదాల్లో అర్జెంటు ఆర్డరు అక్కర్లేకపోతే కేసుకి ముందు మీడియేషన్ ఎట్టాగూ తప్పనిసరి. సాక్ష్యం కింద మెయిల్స్, చాట్లు పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే వేలిముద్రలాంటి అంకె) కూడా అడుగుతారు. కాబట్టి ముఖ్యమైన మాటలు వాట్సాప్‌లో అనుకున్నా సాయంత్రం ఒక మెయిల్ పెట్టండి, చాట్‌లో మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ తీసేయండి. లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు అగ్రిమెంట్, ఇన్‌వాయిస్‌లు, ఆ మెయిల్స్, క్లౌడ్ కంపెనీ షరతుల ప్రింటు నాలుగూ ఒక ఫైల్లో తేదీల ప్రకారం పెట్టుకుని వెళ్ళండి, లాయరు గారు మొదట అడిగేది అవే.